తళ్ళికోట బల్ల మీదికి వస్తే

ఆర్టీసీ క్రాస్‌రోడ్స్ సినిమా హాళ్ళు, చిక్కడపల్లి త్యాగరాయ గానసభ, సిటీ సెంట్రల్ లైబ్రరీ, దాని చుట్టూ అశోక్‌నగర్ కోచింగ్ సెంటర్లు, ఇటు వస్తే నారాయణగూడ చౌరస్తా. నడిచి చుట్టిరాగల ఈ కాస్త మేరలో తెలుగువాళ్ళు తమ పాత యుద్ధాలను మూడు రకాలుగా దాచుకున్నారు. తెర మీదికి పల్నాటి యుద్ధం 1947లో ఒకసారి, 1966లో మరోసారి వచ్చింది. మధ్యలో 1964లో బొబ్బిలి యుద్ధం. గానసభ పుట్టిందీ 1966లోనే. అలాంటి వేదికల మీద యుద్ధమంటే పద్యం, హార్మోనియం, వన్స్‌మోర్. ఇక లైబ్రరీకి వచ్చేసరికి యుద్ధం బిట్టుగా మారిపోయింది: తళ్ళికోట యుద్ధం ఏ సంవత్సరంలో జరిగింది? నాలుగు ఆప్షన్లు, ఒక మార్కు. గ్రూప్స్‌కు చదివే పిల్లలు లోపల చోటు దొరక్క చెట్ల కింద కూర్చుని మరీ వల్లెవేసే జవాబు అది. వెండితెర, నాటకం, బిట్టు పైకి ఎంత వేరుగా కనిపించినా మూడింటిలోనూ ముగింపు ముందే తెలుసు. బాలచంద్రుడు చనిపోతాడు, తాండ్ర పాపారాయుడు పగ తీర్చుకుంటాడు, జవాబు 1565. అయితే ఆ రోజు ఆ పొలాల్లో నిలబడ్డవాళ్ళకు ముగింపు తెలియదు. తెలియని ఆ స్థితిని మళ్ళీ కల్పించుకుంటే తప్ప వాళ్ళు అలా ఎందుకు చేశారో మనకు అర్థం కాదు. దానికి పనికొచ్చే పనిముట్లలో బల్ల మీద పావులతో ఆడే వార్‌గేమ్ ఒకటి. చరిత్ర చదివేవాళ్ళు దాన్ని పిల్లల ఆట కింద కొట్టిపారేయడం తగదని నా వాదన.

ఈ ఆట పుట్టింది పిల్లల కోసం కాదు. ప్రష్యాలో రైస్‌విట్జ్ అనే ఉద్యోగి 1812లో ఇలాంటి ఆటబల్లను తమ రాజుకు చూపించాడు. సైన్యంలో అధికారిగా ఉన్న అతని కొడుకు 1824లో దానికి పక్కా నియమాలు రాశాడు. అసలు నేలను ఎనిమిదివేలవ వంతుకు కుదించిన పటం, దళాలకు గుర్తుగా సీసపు దిమ్మెలు, ఒక్కో ఎత్తుకు రెండు నిమిషాల కాలం, అదృష్టానికి పాచికలు, అన్నీ తెలిసి ఎవరికి ఎంత చెప్పాలో అంతే చెప్పే అంపైర్. సైన్యం దీన్ని శిక్షణగా స్వీకరించింది. తర్వాత హెచ్.జి.వెల్స్ 1913లో బొమ్మ సైనికులతో ఆడే పుస్తకం రాసి దీన్ని ఇళ్ళలోకి తెచ్చాడు. 1965లో బ్రిటన్‌లో కేవలం ప్రాచీన, మధ్యయుగ యుద్ధాల కోసమే ఒక సంఘం ఏర్పడింది. 1990లో వచ్చిన డీబీఏ అనే నియమావళి ఒక్కో పక్షానికి పన్నెండు దళాలతో, గంటలో ముగిసేలా యుద్ధాన్ని కుదించింది. మనకు చతురంగం ఉండనే ఉందిగా అంటారేమో. చదరంగంలో ఇద్దరికీ సమానమైన బలగం, ఇద్దరికీ అంతా కనిపిస్తుంది. నిజమైన యుద్ధంలో ఈ రెండూ ఉండవు. ఆ మాటకొస్తే గుళ్ళలో రాతిపలకల మీద గీసుకుని ఆడిన పులిజూదమే యుద్ధానికి కాస్త దగ్గర: మూడు పులులు, పదిహేను మేకలు, ఎవరి బలం వారిది, ఎవరి గెలుపు లెక్క వారిది.

దక్కన్ సుల్తానుల కూటమి చేతిలో విజయనగరం ఓడిన 1565 జనవరి 23నాటి తళ్ళికోటను బల్ల మీద పెట్టి చూద్దాం. ముందు తగిలేది అంకెల చిక్కు. విజయనగరం వైపు ఆరు లక్షల కాల్బలం, లక్ష గుర్రాలు ఉన్నాయని పోర్చుగీసు చరిత్రకారుడు కూటో రాశాడు. పుస్తకంలో చదివితే అబ్బో అనుకుని పేజీ తిప్పేస్తాం. బల్ల దగ్గర అలా కుదరదు, ప్రతి మనిషికీ చోటు చూపాలి. ఒక్కొక్కడికి మీటరు వెడల్పు ఇచ్చి, పదేసి వరుసల లోతున నిలబెట్టినా ఆరు లక్షల మంది అరవై కిలోమీటర్ల పొడవునా పరుచుకుంటారు. ప్రష్యన్ కొలత ప్రకారం పటం మీద అది ఏడున్నర మీటర్లు; రీడింగ్ హాల్లో బల్లలు ఒకదానికొకటి చేర్చుకుంటూ పోవాలి. గుర్రాలకు అదే లెక్కన మరో పది కిలోమీటర్లు. నడుమ పల్లకిలో కూర్చున్న, ఎనభై ఏళ్ళు దాటిన విజయనగర సేనానాయకుడు అళియ రామరాయలు ఒక కొసకు కబురు పంపితే వార్తాహరుడు ముప్ఫై కిలోమీటర్లకు పైగా స్వారీ చేయాలి. ఆ కబురు అందేసరికి చెప్పిన పరిస్థితే మిగలదు. పోనీ యాభై వరుసలు పెడదామంటే వెనకున్న నలభై వరుసలకు శత్రువు కంటపడడు. హెరోడోటస్ చెప్పిన పారశీక సేనల సంఖ్యను జర్మన్ చరిత్రకారుడు డెల్‌బ్రూక్ ఇలాంటి లెక్కలతోనే పక్కన పెట్టాడు. కూటో కావాలని అబద్ధమాడాడని అనక్కర్లేదు. వంటవాళ్ళు, మూటలు మోసేవాళ్ళు, ఎడ్లబళ్ళవాళ్ళు, వెంట వచ్చిన అంగడి జనం అందరూ ఆ అంకెలో కలిసి ఉండొచ్చు. కాని పోరాడిన సేన అంత కాదని తేలడానికి కొత్త శాసనం దొరకాల్సిన పని లేదు, ఒక స్కేలు చాలు.

తర్వాత కృష్ణ రేవు సంగతి. చరిత్రకారుడు ఫెరిష్తా కథనం ప్రకారం సుల్తానులు దాటాల్సిన రేవు దగ్గర విజయనగర సేన కాపు కాసింది. వాళ్ళు మరో రేవు వెతుకుతున్నట్టు నది వెంబడి కొన్నాళ్ళు నడిచారు. అవతలి గట్టున వీళ్ళూ నడిచారు. అంతలో సుల్తానుల సేన చటుక్కున వెనక్కి తిరిగి, కాపు లేని పాత రేవులోనే నది దాటింది. ఇది చదివితే రామరాయలు తేలిగ్గా మోసపోయిన ముసలాయనలా కనిపిస్తాడు. ఇద్దరు ఆటగాళ్ళను వేర్వేరు గదుల్లో కూర్చోబెట్టి, మధ్య అంపైర్ చీటీలు మోస్తూ ఇదే ఘట్టం ఆడిస్తే సంగతి మారుతుంది. దక్షిణపు గట్టువాడికి వచ్చే చీటీ మీద ఉండేది ఒక్క ముక్క: శత్రువు కదిలాడు, దుమ్ము పడమటికి పోతోంది. రేవు దగ్గర కొద్దిమందిని వదిలితే వాళ్ళు బలైపోతారు. ఎక్కువమందిని వదిలితే ముందున్న సేన పలచబడుతుంది. అసలు కదలకపోతే శత్రువు ఇంకో చోట తీరిగ్గా దాటేస్తాడు. మూడూ పొరపాట్లే, ఏదో ఒకటి ఎంచుకోక తప్పదు. రామరాయలు ఎంచుకున్నది వాటిలో మరీ తెలివితక్కువదేమీ కాదని ఆ కుర్చీలో కూర్చున్నవాడికి తెలుస్తుంది.

ఇక అసలు తగాదా, ఓటమికి కారణం ఏది? ఫెరిష్తా ఫిరంగుల వైపు వేలు చూపిస్తాడు: అహ్మద్‌నగర్ హుసేన్ నిజాంషా నడుమ నిలిచి, చలపీ రూమీఖాన్ కింద ఆరువందల ఫిరంగులను మూడు వరుసల్లో పేర్చాడని, ముందు విలుకాళ్ళను నిలబెట్టి వాటిని కప్పాడని, దగ్గరికొచ్చిన సేన మీద రాగి నాణేల సంచులు కూరి పేల్చాడని. రెండేళ్ళ తర్వాత 1567లో విజయనగరం చూసిన వెనిస్ వర్తకుడు సీజర్ ఫ్రెడరిక్ మాత్రం రామరాయల కొలువులోని ఇద్దరు ముస్లిం సేనానులు ఎదురు తిరగడమే కారణమన్నాడు. మన పాఠ్యపుస్తకాలు రెంటినీ ఒకే వాక్యంలో కుక్కేస్తాయి. బల్ల దగ్గర వాటిని విడదీయవచ్చు. ద్రోహం లేకుండా పదిసార్లు, ఉంచి పదిసార్లు ఆడాలి. కుడివైపు రామరాయల తమ్ముడు వెంకటాద్రి ముందు గోల్కొండ, బీదర్ సేనలు; ఎడమవైపు మరో తమ్ముడు తిరుమలరాయల ముందు బిజాపూర్; నడుమ ఫిరంగులకెదురుగా రామరాయలు. పెద్దాయన పట్టుబడగానే తక్కిన దళాల ధైర్యం ఎంత సడలుతుందన్నదే నియమాల్లో కీలకం. ఫిరంగులు, నాయకుడి పతనం రెండే సేనను చెదరగొట్టడానికి సరిపోతున్నాయంటే ద్రోహం కథ అబద్ధమని తేలదు, కాని ఓటమికి అది అక్కర్లేదని తేలుతుంది. అప్పుడు ఆ కథ ఎవరు, ఎందుకు చెప్పుకున్నారని అడిగే వీలు దొరుకుతుంది.

ఇక్కడ గట్టి అభ్యంతరమే ఉంది. నియమాలు రాసేది మనిషే కదా, ఫిరంగికి ఎక్కువ బలమిస్తే ఫిరంగే గెలుస్తుంది. తాను పెట్టిన అభిప్రాయాన్నే తిరిగి తీసుకుని రుజువంటే ఎలా? నిజమే, ఆట రుజువు కాదు. అయితే పుస్తకం రాసేవాడికీ ఇలాంటి అభిప్రాయమే ఉంటుంది, అది విశేషణాల వెనక దాక్కుంటుంది. "భీకరమైన ఫిరంగి దాడి" అన్న చరిత్రకారుణ్ణి ఎంత భీకరమని ఎవరూ నిలదీయరు. ఆటలో అది పాచిక మీద ఐదా, ఆరా అని తేల్చి చెప్పాలి, ఎదుటివాడు ఒప్పుకోవాలి, లేకపోతే మార్చి ఆడాలి. చావులతో ఆటలేమిటన్న మాటను ఇంత తేలిగ్గా దాటలేను. 1757 జనవరి 24న బొబ్బిలి కోటలో ఆడవాళ్ళకు, పిల్లలకు జరిగినదాన్ని ఏ పావూ చూపించలేదు, చూపించకూడదు కూడా. ఇంకో భయం, తళ్ళికోటను మళ్ళీ మతాల పోరుగా ఆడిస్తారేమోనని. బల్ల మీద అదెలాగూ నిలవదు. రామరాయల పక్షాన ముస్లిం దళాలకు పావులు పెట్టాలి. గోల్కొండ ఇబ్రహీం కుతుబ్‌షా గద్దెనెక్కక ముందు ఏడేళ్ళు విజయనగరంలో రామరాయల ఆశ్రయంలో బతికినవాడు, తెలుగు కవుల చేత మల్కిభరాముడని పిలిపించుకున్నవాడు. ఆ పావును కదిలించేవాడికి ఈ సంగతి చెప్పకుండా ఎలా?

ఈ ఆటలతో నాకున్న పేచీ మరొకటి. పడమటి నియమావళుల్లో చాలామటుకు యుద్ధం సేనలు ఎదురుబొదురు నిలిచాకే మొదలవుతుంది. మన సంప్రదాయం అలా మొదలుపెట్టదు. పల్నాడులో నాగులేటి ఒడ్డున ఉన్న కారంపూడిలో పన్నెండో శతాబ్దపు పల్నాటి పోరును ఏటా కార్తీకంలో ఐదు రోజులు మళ్ళీ నడుపుతారు, వీరుల ఆయుధాలకు పూజ చేస్తారు. ఆ రోజుల పేర్లు వరసగా రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు. ఐదింట్లో ఒక రోజంతా రాయబారానిదే. తిరుపతి వెంకట కవుల పాండవోద్యోగ విజయాల్లోనూ జనం వన్స్‌మోర్ కొట్టింది బాణాలకు కాదు, సంధి మాటలకు. యుద్ధం తప్పిపోయే వీలు చివరి క్షణం దాకా ఉందని మన నాటకానికి తెలుసు. తళ్ళికోటను తెలుగులో ఆటగా కడితే అక్కణ్ణుంచే కట్టాలి. కొన్నేళ్ళ కిందటి దాకా రామరాయల పక్కన నిలిచి అహ్మద్‌నగర్ మీద పోరాడిన బిజాపూర్ అలీ ఆదిల్‌షా, హుసేన్ నిజాంషా కూతురు చాంద్‌బీబీని పెళ్ళాడి, షోలాపూర్ కట్నంగా అందుకుని పక్షం మారాడు. ఆ బేరం ముందు కుదరాలి, లేదా చెడాలి. తర్వాతే పటం పరచాలి. బల్ల చుట్టూ ఒక కుర్చీ బేరార్ సుల్తానుకు కూడా వేయాలి. దక్కన్ సుల్తానుల్లో ఆ కూటమిలో కలవనిది ఆయనొక్కడే. ఆ ఆటగాడి ముందు, మొదటి పాచిక పడక ముందే, రెండు వైపుల రాయబారులూ నిలబడి ఉంటారు.