కూర్చున్నదెవరు, నిలబడ్డదెవరు

తుంగభద్ర ఒడ్డునున్న మా రాజోలిలో మేనకోడలి రిసెప్షన్. విందు ఏర్పాట్లు నా మీద పడ్డాయి. కేటరింగ్ అతను "ఇప్పుడంతా లైవ్ కౌంటర్లే మేడమ్" అంటూ జాబితా ఇచ్చాడు. దోసెలు, చాట్, జిలేబీ, చివర్లో 'జొన్నరొట్టెలు - ఇద్దరు ఆడవాళ్లు, పల్లెటూరి వేషంలో'. పల్లెలో పల్లెటూరి వేషమేమిటని నవ్వొచ్చింది. ఆలోచిస్తే ఆ నవ్వు నిలవలేదు.

విందుల చరిత్రని మనం వంటకాల చరిత్రగా చెప్పుకుంటాం. ఎవరు కూర్చున్నారు, ఎవరు నిలబడ్డారు అన్నది కూడా చరిత్రే. పంక్తి భోజనంలో కులానికో వరస. కొందరికి వరసే లేదు, పందిరి బయట ఎదురుచూపే. పొయ్యి దగ్గరి ఆడవాళ్లకి ఆఖరి బంతి. 1940లో ముదునూరులో నాస్తిక కేంద్రం స్థాపించిన గోరా, సరస్వతీ గోరా దంపతులు సహపంక్తి భోజనాలు జరిపించారు. పక్కపక్కన కూర్చుని తినడమే ఆనాడు తిరుగుబాటు. తర్వాత వచ్చిన బఫే ఆ వరసల్ని కొంత చెరిపింది. ఆ మేలుని తక్కువ చేయను.

కానీ మా పెద్దమ్మ "పళ్లెం పట్టుకొని లైన్ల నేను నిలబడ బిడ్డా" అంది. 2009 అక్టోబరు వరద మా ఊరిని ముంచినప్పుడు ఇళ్లూ మగ్గాలూ పోయాయి. శిబిరంలో అన్నం కోసం అలాగే నిలబడిందామె. జన్మంతా కండెలు చుట్టి, రొట్టెలు చేసి పదిమందికి పెట్టిన మనిషి!

రొట్టెల కౌంటర్ ఉంచాను, వేషం కొట్టేశాను. దోసె మాస్టర్‌కిచ్చే కూలీయే వీళ్లకీ ఇవ్వాలన్నాను. "రొట్టెలు ఇంటిపనే కద మేడమ్" అన్నాడతను. మగ్గం మీద కూర్చున్నవాడు నేతగాడు, కండెలు చుట్టినామె ఇంటి సాయం - ఈ లెక్క మాకు కొత్త కాదు. గద్వాల చీరకి భౌగోళిక గుర్తింపు ఉంది. ఆ కండెలు చుట్టిన చేతులకి కూలీ లెక్కే లేదు.

వండే చేతుల్ని అతిథుల ముందుకు తెచ్చినంత మాత్రాన ఆ శ్రమకి విలువ కట్టినట్టు కాదు. వంటగదిలో దాగిన పని ఇప్పుడు వేడుకగా మారిందంతే. అందుకే పెద్దవాళ్ల కోసం బల్లలు వేయించి, వడ్డన మగపిల్లలకి అప్పగించాను. రొట్టెలకి నలుగురు ఉంటారు. ఇద్దరు చేస్తుంటే ఇద్దరు పెద్దమ్మ పక్కన కూర్చుని తింటారు.

జాబితాలో ఒక గడి కొత్తగా గీశాను: 'చేసేవాళ్లు తినే వేళ'. "అందులో ఏం రాయాలి మేడమ్?" అనడిగాడతను.

"ఏడున్నర అని రాయండి. అతిథులతో పాటే."