పద్య అంత్యాక్షరి

పద్య అంత్యాక్షరి తెలుగు పద్యాలతో ఆడే మాటల ఆట. దీనిని ఇంటిల్లిపాదీ రెండు జట్లుగా ఆడవచ్చు. పాఠశాలల్లో పోటీగా కూడా నిర్వహిస్తారు. ఒక జట్టు చదివిన పద్యం ఏ అక్షరంతో ముగిస్తే, రెండవ జట్టు ఆ అక్షరంతో మొదలయ్యే పద్యం చదవాలి. గుణింతాన్ని పట్టించుకోరు, 'తీ' వస్తే త, తు, తో ఏదైనా చెల్లుతుంది. ణ, ళ లతో తెలుగు మాటలు మొదలు కావు కనుక సాధారణంగా న, ల తీసుకుంటారు. చదివిన పద్యం మళ్ళీ చదవరాదు.

సినిమా పాటల అంత్యాక్షరిలో లేని చిక్కు ఇందులో ఒకటుంది. అది మకుటం. శతక పద్యాలన్నీ ఒకే మకుటంతో ముగుస్తాయి. కాబట్టి వేమన పద్యం ఎదుటి జట్టుకు 'మ'ను, బద్దెన రచనగా చెప్పే సుమతీ శతకం 'త'ను, 17వ శతాబ్దానికి చెందిన కంచర్ల గోపన్న దాశరథీ శతకం 'ధ'ను మిగులుస్తాయి. ఇరుపక్షాలూ వేమన పద్యాలే చదువుతూ పోతే ప్రతిసారీ 'మ'యే వస్తుంది. గుర్తున్న 'మ' పద్యాలు కాసేపటికే అయిపోతాయి. 'ధ' పద్యాలు మరీ అరుదు. అందువలన దాశరథీ శతకం కంఠస్థమైన పెద్దలు ఉన్న జట్టును ఓడించడం కష్టం. అయితే ఉత్పలమాల, చంపకమాలల్లో సాగే ఆ పద్యాలను తడబడకుండా చదవాలి. పిల్లలకు ఆటవెలది, కందమే సులువు. మకుటం లేని పోతన భాగవత పద్యాలు ఆటను కొత్త అక్షరానికి మళ్ళిస్తాయి.