దారునవిర్: వైరస్ తప్పించుకోలేని పట్టు కోసం

హెచ్.ఐ.వి. ప్రోటీన్లు మొదట పొడవైన గొలుసులుగా తయారవుతాయి. వాటిని తగిన చోట్ల ఖండించే ఎంజైమే ప్రోటియేజ్. ఇందులో 99 ఎమైనో ఆమ్లాల చొప్పున రెండు సమాన భాగాలుంటాయి. నడుమనున్న రెండు ఆస్పార్టిక్ ఆమ్లాలు నీటి అణువు సాయంతో బంధాన్ని తెంచుతాయి. ఈ పని ఆగితే వైరస్ పరిపక్వం చెందదు, కొత్త జీవకణాలకు సోకదు.

1989లో ఈ ఎంజైమ్ స్ఫటిక నిర్మాణం వెల్లడయింది. తెగే బంధాన్ని పోలి ఉండి, తాను మాత్రం తెగని సాక్వినవిర్‌కు 1995లో అమెరికాలో అనుమతి లభించింది. అయితే ఉత్పరివర్తనలతో ఎంజైమ్ పార్శ్వ శృంఖలాలు మారి, తొలి మందుల పట్టు సడలసాగింది.

కాన్పూర్ ఐ.ఐ.టి.లో చదివి అమెరికాలో పరిశోధన సాగించిన అరుణ్ ఘోష్ దీనికి ఉపాయం చూపారు. పార్శ్వ శృంఖలాలు మారినా ఎంజైమ్ వెన్నెముక ఆకృతి అంతగా మారదు. కనుక మందు ఆ వెన్నెముక పరమాణువులతోనే హైడ్రోజన్ బంధాలు ఏర్పరచుకోవాలి. ఆక్సిజన్ గల రెండు వలయాలు జతపడిన బిస్-టెట్రాహైడ్రోఫ్యూరాన్ భాగం దీనిని సాధించింది. అలా రూపొందిన దారునవిర్‌కు 2006లో అనుమతి లభించింది. తొలి మందులకు లొంగని పలు వైరస్ రకాలపైనా ఇది పనిచేస్తుంది. అయినా నిరోధకత అసాధ్యం కాదు. రిటోనవిర్ వంటి తోడు మందుతో కలిపి, క్రమం తప్పక వాడినప్పుడే దీని పట్టు నిలుస్తుంది.