కాసులపేరు వయసు

తెలుగు నేలపై తల్లి నుంచి కూతురికో, అత్త నుంచి కోడలికో సంక్రమించే నగలలో కాసులపేరు, అంటే బంగారు నాణేలను గానీ నాణెం ఆకారపు బిళ్లలను గానీ వరుసగా కూర్చిన హారం, తన పుట్టుకకు సాక్ష్యాన్ని తన ఒంటిమీదే ఉంచుకొన్న నగ. శాతవాహనుల కాలపు కొండాపురంలో రోమన్ నాణేలను అనుకరించిన మట్టి బిళ్లలు దొరికినంత మాత్రాన, నేటి ఇళ్లలోని కాసులపేర్ల వంశావళిని అంత దూరం లాగడం అత్యుత్సాహమే అవుతుంది.

కోస్తా జిల్లాల పాత పేర్లలో విరివిగా కనిపించేది బ్రిటిష్ సవరను, అనగా దాదాపు 8 గ్రాముల బరువుగల 22 క్యారెట్ల నాణెం. ధవళేశ్వరం ఆనకట్ట 1852లోనూ, బెజవాడ ఆనకట్ట 1855లోనూ పూర్తయి డెల్టా రైతు చేతిలో వరి సొమ్ము ఆడసాగిన తరువాత, 1899లో ప్రభుత్వం సవరనును 15 రూపాయల విలువతో చెల్లుబాటు చేయడం వల్ల, బంగారం కొనడమూ డబ్బు దాచడమూ ఒకే పని అయిపోయాయి. కంసాలి నాణెం పై అంచున చిన్న కొక్కెం అతికించి దారానికి గుచ్చితే నగ సిద్ధం; అవసరం పడితే ఒక్క కాసు విప్పి అమ్ముకోవచ్చు, పేరు మిగులుతుంది.

పేరు వయసును ఈ సవరన్లే చెబుతాయి. విక్టోరియా రాణి తలపై ముసుగు ఉంటే ఆ కాసు 1887కు ముందుది కాదు. కాసు వెనుకవైపున్న గుర్రపు వీరుడి బొమ్మలో గుర్రం కాళ్ల కింది నేలగీతపై ఇంగ్లీషు ‘ఐ’ అక్షరం ఉంటే అది 1918లో బొంబాయి టంకశాలలో ముద్రించినది. పేరులోని అన్నిటికంటే కొత్త కాసు ప్రస్తుత కూర్పుకు తొలి హద్దును నిర్ణయిస్తుంది. అయితే తరానికి నాలుగు కాసులు చేర్చడం, ఆడపిల్లలకు పంచేటప్పుడు తెంపడం మామూలే గనుక, ముత్తవ్వ మెడలో ఉన్నది అచ్చంగా ఇదేననే ఇంటి మాటను పూర్తిగా నమ్మనక్కరలేదు.

లక్ష్మీదేవి రూపం అచ్చొత్తిన పలుచని కాసులు మరింత చిక్కు పెడతాయి, ఎందుకంటే వాటిపై సాధారణంగా సంవత్సరం ఉండదు. 1963 జనవరిలో వచ్చిన బంగారం నియంత్రణ నిబంధనలు 14 క్యారెట్లకు మించిన కొత్త నగల తయారీని నిషేధించాయి గనుక, ఆ ఏడాది పెళ్లికి 22 క్యారెట్ల లక్ష్మీకాసులు కొత్తగా చేయించామనే కథనాన్ని కొంత సందేహంతోనే వినాలి, చాటుమాటుగా చేసిపెట్టిన కంసాలులు లేకపోలేదనుకోండి.