సెల్లోకీ ఓ టిక్కెట్టు

కచ్చేరీ అంటే మనకి తెలిసింది తెర లేచాక జరిగేదే. అంతకుముందు పెట్టెలు సర్దుకోవడం, బండి అందుకోవడం, ఊరుగాని ఊళ్ళో వేళకాని వేళ తినడం, ఇవేవీ మనకి వినబడవు. నా మటుకు నాకు ఆ వినబడని భాగం మీదే ఆసక్తి. అందుకే అమెరికాలోని క్రోనోస్ క్వార్టెట్ చరిత్ర చదువుతున్నంతసేపూ వాళ్ళ సంగీతం కంటే వాళ్ళ సామాను గురించే ఎక్కువ ఆలోచించాను.

క్వార్టెట్ అంటే నలుగురు. రెండు వయొలిన్లు, ఒక వయోలా, ఒక సెల్లో. వయోలా వయొలిన్‌కి అక్కగారులాంటిది. కాస్త పెద్దది, గొంతు బొంగురు. సెల్లోని మోకాళ్ళ మధ్య నిలబెట్టుకుని వాయించాలి. ఇలాంటి బృందాలు పడమటి దేశాల్లో రెండున్నర శతాబ్దాలుగా ఉన్నాయి. వాటిలో చాలామంది వాయించేది ఏనాడో గతించిన మహానుభావుల రచనలే.

1973లో సియాటిల్ నగరంలో డేవిడ్ హారింగ్టన్ అనే ఇరవై మూడేళ్ళ కుర్రాడు ఓ రాత్రి రేడియోలో జార్జ్ క్రంబ్ రాసిన 'బ్లాక్ ఏంజెల్స్' విన్నాడు. వియత్నాం యుద్ధకాలపు రచన అది. తంత్రులు కీచుమంటాయి, వాయించేవాళ్ళు అంకెలు అరుస్తారు, నీళ్ళు పోసిన గాజు గ్లాసుల అంచుల మీద కమాను లాగుతారు. అది వాయించడానికే ఆ కుర్రాడు బృందం కట్టాడు. బతికున్న వాళ్ళచేత కొత్తవి రాయించుకుని వాయించడం వాళ్ళ వ్రతం. మొట్టమొదట రాయించుకున్న దానికి ఇచ్చిన పారితోషికం ఓ సంచీడు డోనట్లట! మైదాతో చేసిన తీపి గారెలనుకోండి. ఆ రచన పేరు 'ట్రావెలింగ్ మ్యూజిక్', ప్రయాణ సంగీతం. ఏ ముహూర్తాన పెట్టారో గాని, తర్వాత ఏటా దాదాపు అయిదు నెలలు వాళ్ళకి ప్రయాణాలే.

1978లో జోన్ జాన్‌రెనో అనే సెల్లో విద్వాంసురాలు వచ్చి చేరింది. మెంఫిస్ నగరం పిల్ల, ఇరవై రెండేళ్ళది. మిగతా ముగ్గురూ మగవాళ్ళు. వయొలిన్ అయితే చంకన పెట్టుకు పోవచ్చు. సెల్లో అలా కాదు. సామాన్లలో పడేస్తే పగులుతుంది. అందుకని సెల్లో వాయించేవాళ్ళు విమానంలో దానికీ ఓ టిక్కెట్టు కొని, పక్కసీట్లో బెల్టు కట్టి కూర్చోబెట్టుకుంటారు. మన చంటిపిల్లలకి టిక్కెట్టు తగ్గిస్తారు గాని దీనికా భాగ్యం లేదు! దీనికి తోడు 'బ్లాక్ ఏంజెల్స్' కోసం గాజు గ్లాసులు, పెద్ద పెద్ద కంచు గంటలు, మైకులు. గాజు సామాను పగలకుండా ఇల్లు మారడమంటే ఏమిటో మనకి ఒకరు చెప్పాలా? వాళ్ళు ఊరూరా మారేవారు.

శరీరానికీ ఓ హద్దుంది కదా. మోర్టన్ ఫెల్డ్‌మన్ 1983లో రాసిన రెండో క్వార్టెట్ పూర్తిగా వాయిస్తే ఆరు గంటలు పడుతుంది. మన హరికథ తెల్లవార్లూ సాగినా దాసుగారు మధ్యలో గుక్కెడు పాలు తాగుతారు. ఇక్కడ చెయ్యి దించడానికే లేదు. 1996లో న్యూయార్కు లింకన్ సెంటర్లో అది వాయించడానికి ఒప్పుకుని, ఒళ్ళు తట్టుకోలేదని మానుకున్నారు. నాకైతే ఆ మానుకోవడం నచ్చింది.

దానికి ముందే, 1995లో, ఈస్టర్ పండగనాడు ఇంటిల్లిపాదీ కొండమీదికి షికారు వెళ్ళినప్పుడు హారింగ్టన్ కొడుకు ఆడమ్ ప్రాణం పోయింది. పదహారేళ్ళవాడు. వాళ్ళ మిత్రుడు టెర్రీ రైలీ, కిరానా ఘరానా పండిట్ ప్రాణనాథ్ దగ్గర గాత్రం నేర్చుకున్నాయన, 'రెక్వియమ్ ఫర్ ఆడమ్' అని నలభై నిమిషాల పైబడిన రచన చేసిచ్చాడు. కన్నకొడుకు పేర రాసిన ఆ సంగీతాన్ని తండ్రే సభలో కూర్చుని వాయించాలి. అది ఓదార్పో శిక్షో కన్నవాళ్ళే చెప్పాలి.

1998లో జోన్‌కి మల్టిపుల్ స్క్లెరోసిస్ అని డాక్టర్లు తేల్చారు. కరెంటు తీగకి తొడుగులా నరాల మీద ఉండే పొరని శరీరమే పాడుచేసుకునే జబ్బు. ఇది ప్రయాణాల వల్ల వచ్చింది కాదు. కాని ఈ జబ్బులో అలసట మనిషిని వదలదు, అలసట లేని యాత్ర ఎక్కడుంది? ఇరవై ఏళ్ళ తిరుగుడు తర్వాత 1999లో ఆవిడ బృందాన్ని వదిలింది. 'పాపం' అనబోయాను గాని, తొందరపడక్కర్లేదు. ఇంటిపట్టున ఉండి, ఇతరులు రాసింది వాయించడమే కాక తనే రాయడం మొదలుపెట్టింది. 2002లో 'మెటమార్ఫసిస్', 2008లో 'స్ట్రేంజ్ టాయ్స్' రికార్డులు తెచ్చింది.

బృందం ఆగలేదు. 2005లో డెబ్బై దాటిన మన ఆశా భోంస్లేతో ఆర్.డి. బర్మన్ పాటలు రికార్డు చేసింది. తబలా జాకిర్ హుస్సేన్. రేడియో పక్కన కూర్చుని ఆ పాటలు విన్న తరం కనక, ఇది చదివి మురిసిపోయాను.

2024లో వయొలిన్ జాన్ షెర్బా, వయోలా హ్యాంక్ డట్ రిటైరయ్యారు. ఒకే పెట్టె నలభై ఆరేళ్ళు సర్ది విప్పడమన్న మాట. వాళ్ళ చోట చేరిన ఇద్దరూ ఆడవాళ్ళే.