గూటిలోని చేవ్రాలు

కోకిలకు సంస్కృతంలో పరభృతమని పేరు. దానిని సాకే కాకి పరభృత్తు. పరుల గూట పెరిగే పక్షి సంగతి మన పూర్వులెరుగుదురు. నాకు మాత్రం ఆ పెంపకం కన్న, అంతకు ముందు గుడ్డు రంగుతో జరిగే మోసమే ఎక్కువ ఆసక్తికరం.

నల్లగొండ, పాలమూరు మెట్టల్లో, తుమ్మ, రేగు పొదల్లో ప్రినియాలనే వేలెడంత పిట్టలు తిరుగుతుంటాయి. మసిరంగు ప్రినియా గుడ్డు ఇటుక ఎరుపు. నూనె రాసినట్లు నిగనిగలాడుతుంది. దాని దాయాది సాదా ప్రినియా గుడ్డుకు నీలి, ఆకుపచ్చ ఛాయల మీద ముదురు గోధుమ మరకలు, సిరాకలం జారినట్లు మెలికల గీతలు. ఈ రంగులన్నిటికీ మూలం రెండే ద్రవ్యాలు: నీలికి బిలివెర్డిన్, ఎరుపు గోధుమలకు ప్రోటోపార్ఫిరిన్. ఆ పొదల చుట్టూ బూడిదపొట్ట కోకిల పొంచి ఉంటుంది, తన గుడ్డును వాటి గూట చేర్చడానికి.

ఈ వైవిధ్యాన్ని మొదట శ్రద్ధగా గ్రంథస్థం చేసినది ఏ.ఓ. హ్యూమ్. కాంగ్రెసు పుట్టిన 1885లోనే ఆయన పక్షి సంపద బ్రిటిష్ మ్యూజియానికి తరలింది. అందులో గుడ్లే సుమారు 18,500! తరువాత నిజాం రాజ్యపు పక్షులను సాలిం అలీ 1931-32లో సర్వే చేశారు. అమ్రాబాద్ పీఠభూమిపై మన్ననూరు, ఫరహాబాద్‌లలో మకాం వేశారు. (నాటి మహబూబ్‌నగర్ జిల్లాలోని ఆ సీమ 2016 నుండి నాగర్‌కర్నూల్ జిల్లాలో ఉన్నది.) హ్యూ విస్లర్ వ్యాఖ్యలతో ఆ నివేదిక 1933-34లో బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ పత్రికలో వెలువడింది.

ఇంత వైవిధ్యం ఎందుకన్న ప్రశ్నకు నాకు తృప్తినిచ్చిన సమాధానం జాంబియా నుండి వచ్చింది. అక్కడి ప్రినియా జాతిలో ఒక్కొక్క ఆడపక్షి గుడ్డుకు రంగూ, గీతలూ వేరు. జీవితాంతం అదే తీరు. అది ఆమె చేవ్రాలు. కుకూ ఫించ్ అనే పరాన్నపక్షి దానిని ఫోర్జరీ చేయజూస్తుంది. తేడా పసిగడితే తల్లి ఆ గుడ్డును పారవేస్తుంది. క్లెయిర్ స్పాటిస్‌వుడ్, మార్టిన్ స్టీవెన్స్ 2012లో మరొక సంగతి చూపారు: నలభై ఏళ్ళలోనే ఇరుపక్షాల గుడ్ల రంగులూ మారాయి.

అందరూ ఇంత జాగరూకులు కారు. చాతకం మన దేశంలో నీలిగుడ్డు పెట్టే బాబ్లర్ల గూట తానూ నీలిగుడ్డే పెడుతుంది. అదే చాతకం దక్షిణాఫ్రికాలో మచ్చల గుడ్లున్న బుల్‌బుల్ గూట తెల్లని గుడ్డు పెట్టినా చెల్లిపోతుంది!

జాంబియాలో ఆ పోలిక సాధ్యమైనది 1970లలో ఒకరు కూడబెట్టిన గుడ్ల వల్లనే. గూళ్ళు దోచే ఆ వ్యసనాన్ని నేను మెచ్చుకోలేను; అది లేకుంటే ఈ చరిత్ర చదవగలిగేవారమూ కాము. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం గుడ్లను పాడుచేయడాన్నీ, గూళ్ళను కదల్చడాన్నీ వేటగానే లెక్కించింది. అది న్యాయమే. మన ఉపఖండపు పాత చేవ్రాళ్ళు నేడు ఇంగ్లండులోని ట్రింగ్ మ్యూజియం సొరుగుల్లో ఉన్నాయి. కొత్తవి ఏటా వానాకాలంలో ఇక్కడి పొదల్లో పడుతూనే ఉన్నాయి, పత్తిచేలకు పోగా మిగిలిన పొదల్లో.