మైటోకాండ్రియా: కణశ్వాస పరిశోధన చరిత్ర

కణానికి అందిన ఆహారాన్ని ఆక్సిజన్ సాయంతో ఏటీపీ అనే శక్తి అణువులుగా మార్చేవి మైటోకాండ్రియా; ఈ పనినే కణశ్వాస అంటారు. ఎర్రరక్తకణాలు ఇవి లేకుండానే సుమారు 120 రోజులు నెట్టుకొస్తాయి గానీ, గుండె, మెదడు కణాలకు ఆ వెసులుబాటు లేదు.

1890లో జర్మన్ శాస్త్రజ్ఞుడు రిచర్డ్ ఆల్ట్‌మన్ ఈ రేణువులు కణంలో కాపురముండే స్వతంత్ర ప్రాణులన్నారు. నాడు ఆ మాట చెల్లలేదు. ఇవి చేసే పని తేలడానికి మరో అర్ధశతాబ్దికి పైనే పట్టింది. ఈలోగా రసాయనశాస్త్రమే ముందు నడిచింది. 1929లో జర్మనీలో కార్ల్ లోమన్, హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కే, భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు కండరంలో ఏటీపీని విడివిడిగా కనుగొన్నారు. పదార్థం దొరికింది, అది తయారయ్యే చోటు మాత్రం తెలియలేదు.

అది తేలాలంటే మైటోకాండ్రియాను చెడకుండా కణం నుంచి వేరుచేయాలి. అడ్డంకి చిన్నదే. కాలేయాన్ని ఉప్పునీటిలో నూరితే మైటోకాండ్రియా ఉబ్బి ముద్దకట్టేవి. 1948లో న్యూయార్క్ రాక్‌ఫెల్లర్ సంస్థలో హోగెబూమ్, ష్నైడర్, పలాడే ఎలుక కాలేయాన్ని చిక్కటి పంచదార ద్రావణంలో నూరి సెంట్రిఫ్యూజ్‌లో తిప్పారు. పుల్లల్లాంటి ఆకారం చెడకుండా అవి అడుగున చేరాయి. కణశ్వాస జరిగేది వీటిలోనేనని 1949కల్లా షికాగోలో కెనెడీ, లెనింజర్ తేల్చారు.

శ్వాసకూ ఏటీపీకీ నడుమ లంకె ఏమిటన్నది ఇంకా పెద్ద చిక్కు. ఏదో రసాయన మధ్యవర్తి ఉండాలని ఏళ్లతరబడి వెతికారు. అలాంటిదేదీ అక్కర్లేదని 1961లో పీటర్ మిచెల్ అన్నారు: మైటోకాండ్రియా లోపొర ప్రోటాన్లను బయటికి తోస్తుంది, అవి ఆనకట్ట వెనక నీళ్లలా పోగుపడి, ఒక ఎంజైమ్ గుండా లోపలికి దూకుతూ ఏటీపీని చేయిస్తాయి. చాలామంది కొట్టిపారేశారు. 1974లో రాకర్, స్టోకెనియస్ చేసిన ప్రయోగం మాత్రం ముచ్చటైనది. సోయా కొవ్వు బుడగల్లో ఉప్పుమడుగు సూక్ష్మజీవి నుంచి తీసిన, వెలుతురు తగిలితే ప్రోటాన్లను తోసే ఊదారంగు ప్రోటీన్‌నూ, గొడ్డు గుండె మైటోకాండ్రియా ఎంజైమ్‌నూ పొదిగి వెలుతురు చూపితే ఏటీపీ పుట్టింది. ఆ బుడగల్లో శ్వాస ఎంజైములు ఒక్కటీ లేవు, ప్రోటాన్ల కదలికే సరిపోయింది. 1978 నోబెల్ మిచెల్‌ను వరించింది.

ఆల్ట్‌మన్ ఊహకూ సగం న్యాయం జరిగింది. 1963లో నాస్ దంపతులు కోడిపిండం మైటోకాండ్రియాలో డీఎన్ఏను చూశారు. ఇవి ఒకప్పటి బాక్టీరియాలేనని 1967లో లిన్ మార్గులిస్ వాదించారు. మనిషిలో ఆ డీఎన్ఏ పొడవు 16,569 క్షార జతలు, జన్యువులు 37. మిగతా ప్రోటీన్లన్నిటికీ కేంద్రకంలోని జన్యువులే దిక్కు కనుక, స్వతంత్ర ప్రాణులనడానికి లేదు.

1996లో షియాడాంగ్ వాంగ్ బృందం పరిశోధన ఎదురుచూడని వైపు తిరిగింది. శ్వాసలో ఎలక్ట్రాన్లు మోసే సైటోక్రోమ్ సి మైటోకాండ్రియా నుంచి బయటికి కారితే, కణాన్ని లోపలి నుంచే కూల్చే ఎంజైములు మేల్కొంటాయి. కొన్ని క్యాన్సర్ కణాల్లో ఈ కారుదలను ఆపే బీసీఎల్-2 ప్రోటీన్ అతిగా ఉంటుంది. 2016లో అమెరికాలో అనుమతి పొందిన వెనెటోక్లాక్స్ మందు ఆ ప్రోటీన్‌నే అడ్డుకుంటుంది.